రామప్ప గుడి ఫొటోను చూపు లేనివారికి ఎలా చెప్పాలి?

చార్మినార్ మీద తెలుగులో వచ్చిన వ్యాసాలను, తెర మీది మాటలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వింటే ఒక లోటు వెంటనే తెలిసివస్తుంది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ కట్టడాన్ని కట్టించాడని, నాలుగు మూలలా నాలుగు మీనార్లు ఉన్నాయని, పై అంతస్తులో మసీదు ఉందని వ్యాసం చక్కగా చెప్పుకుంటూ పోతుంది. ఫొటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గొంతు "గ్రాఫిక్, చార్మినార్" అని ఊరుకుంటుంది. కొన్నిచోట్ల ఆ మాత్రం కూడా ఉండదు. కెమెరా పెట్టిన ఫైలు పేరులోని అక్షరాలనూ అంకెలనూ ఒక్కొక్కటిగా చదివి వదిలేస్తుంది. చూపున్న పాఠకుడు ఆ ఫొటోలో కమాను కింద నిలబడ్డ మనుషులను చూసి, వారితో పోల్చుకుని, కట్టడం ఎంత పెద్దదో క్షణంలో గ్రహిస్తాడు. వింటున్న పాఠకుడికి ఆ గ్రహింపు కలిగే దారి లేదు.

ఫొటో వెనుక, తెరపై కనిపించకుండా, స్క్రీన్ రీడర్ కోసం రాసిపెట్టే మాటలను ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ఇది కొత్తగా వచ్చిన ఏర్పాటేమీ కాదు. వెబ్ పేజీలను రాసే భాషకు 1995 నాటి రూపమైన హెచ్‌టీఎంఎల్ 2.0 లోనే దానికి చోటుంది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 1999లో వెలువరించిన, వికలాంగులకూ వెబ్ అందేలా చూసే అందుబాటు మార్గదర్శకాలలో మొట్టమొదటి సూత్రమే చిత్రాలకు సమానమైన మాటలు ఇవ్వాలని చెబుతుంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 42వ సెక్షన్‌లో, ముద్రణలోనూ ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోనూ ఉన్న సమాచారమంతా అందుబాటు రూపంలో ఉండేలా చూడవలసిన బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉంటే, అందులో సుమారు 50 లక్షల మందికి చూపుకు సంబంధించిన వైకల్యం ఉంది. ఏర్పాటు ఉంది, చట్టం ఉంది, పాఠకులు ఉన్నారు. ఆ మాటలు రాసేవారే తక్కువగా ఉన్నారు. పాత కట్టడాల గురించి రాస్తున్న నేను, నా ఫొటోలన్నిటికీ తెలుగులో వివరణలు జోడించే పని పెట్టుకున్నాక తెలిసివచ్చిన సంగతులను ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

పువ్వు ఫొటోనో, భోజనం ఫొటోనో మాటల్లో పెట్టడం అంత కష్టం కాదు, ఎందుకంటే వాటి పరిమాణం చేతులకు తెలిసినదే. కట్టడం అలా కాదు. దాన్ని ఎవరూ ఒక్కసారిగా తాకలేరు. చూపున్నవారు కూడా చుట్టూ తిరిగి, లోపలికి వెళ్లి, మళ్లీ బయటికి వచ్చి, ఆ ముక్కలన్నిటినీ మనసులో కలుపుకుంటేనే అది వారికి అర్థమవుతుంది. ఫొటో ఆ ముక్కలలో ఒకదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. పైగా కెమెరా తనదైన వంకర కూడా పెడుతుంది. చార్మినార్‌కు దగ్గరగా నిలబడి పైకెత్తి తీసిన ఫొటోలో మీనార్లు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలినట్టు కనిపిస్తాయి. చూపున్న మనకు అది కెమెరా వంకర అని తెలుసు. పుట్టుకతో చూపు లేని మనిషికి, దూరాన ఉన్నది చిన్నదిగా కనిపించడమనేదే అనుభవంలో లేని సంగతి. అలాంటప్పుడు "మీనార్లు పైకి దగ్గరవుతూ ఉన్నాయి" అని ఫొటోకు విధేయంగా రాస్తే, కట్టడం గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. మీనార్లు నిట్టనిలువుగా ఉన్నాయని, ఫొటోను కింద నుంచి తీశారని రెండూ చెప్పాలి.

నాకు తెలిసిన ఒక మాస్టారు ఉన్నారు. పుట్టుకతో చూపు లేదు. పాఠశాలలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వివరణలు రాసినప్పుడల్లా ముందుగా ఆయనకే పంపుతాను. ఒకసారి నేను వేయిస్తంభాల గుడి మండపం గురించి రాసింది విని, ఆయన ఫోన్ చేసి అడిగారు: "స్తంభాలు బలిష్ఠంగా ఉన్నాయని రాశావు కదమ్మా, నేను వెళ్లి చేతులు చాచి ఒక స్తంభాన్ని కావలించుకుంటే నా వేళ్లు అవతలివైపు కలుస్తాయా, కలవవా?" కట్టడాల వివరణకు ఇంతకంటే మంచి కొలబద్దను నేను వేరే ఎక్కడా చూడలేదు. మీటర్లు చెప్పడం తప్పనిసరే. చార్మినార్ ఒక్కో ముఖం దాదాపు 20 మీటర్లు, ఒక్కో కమాను వెడల్పు 11 మీటర్లు అన్నది తప్పక రాయవలసిన వివరమే. కానీ ఆ కమాను కింద ఎందరు చేతులు పట్టుకుని ఒకే వరుసలో నిలబడవచ్చో కూడా చెబితే, ఆ అంకె వినేవారి ఒంటికి అందుతుంది. చాచిన చేతుల పొడవు సుమారుగా మనిషి ఎత్తుతో సమానం కనుక, ఆరేడుగురు అని లెక్క తేలుతుంది.

ఈ దృష్టితోనే రామప్ప గుడి ఫొటోను తీసుకున్నాను. ములుగు జిల్లా పాలంపేటలో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి నిర్మాణం 1213లో మొదలైంది. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటినుంచి దీని ఫొటోలు తెలుగువారి ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. వాటి కింద వ్యాఖ్యలలో "అద్భుతం", "మహాద్భుతం", "కాకతీయుల శిల్పకళా వైభవం" తప్ప మరో మాట అరుదు. అద్భుతమని ఎవరైనా అంటే నేను కాదనను. కానీ ఏమి ఉందో చెప్పకుండా ఆ మాట ఒక్కటే అందిస్తే, చూపు లేని పాఠకుడు మన మెప్పును వినగలడే గాని తన మెప్పును తాను తేల్చుకోలేడు.

ఆల్ట్ టెక్స్ట్‌గా నేను పెట్టింది ఇది: "ఆగ్నేయం నుంచి చూసిన రామప్ప గుడి. ఎత్తైన రాతి వేదిక మీద ఎర్రటి ఇసుకరాతి మండపం, దాని వెనుక అంతస్తులుగా పైకి సన్నబడే ఇటుకల విమాన శిఖరం." అంతకంటే పొడుగ్గా అక్కడ రాయకూడదు, ఎందుకంటే స్క్రీన్ రీడర్ ఆల్ట్ టెక్స్ట్‌ను ఆపకుండా ఏకబిగిన చదువుతుంది, మధ్యలో ఒక వాక్యం వెనక్కి వెళ్లి మళ్లీ వినడం అందులో తేలిక కాదు. "రామప్ప గుడి చిత్రం" అని మొదలుపెట్టడం కూడా అనవసరం, అది చిత్రమని స్క్రీన్ రీడర్ ముందే చెప్పేస్తుంది. మిగిలినదంతా ఫొటో కింద, అందరికీ కనిపించేలా, మామూలు పేరాగా రాశాను:

"ఫొటో తీసినవారు గుడికి ఆగ్నేయంగా నేల మీద నిలబడ్డారు. గుడి తూర్పు ముఖంగా ఉంది కనుక, తూర్పు ద్వారం చూసేవారికి కుడిపక్కన, దక్షిణ ద్వారం ఎడమపక్కన కనిపిస్తాయి. ఉత్తరాన ఇలాంటిదే మూడో ద్వారం ఉంది గాని ఈ ఫొటోలో కనిపించదు. గుడి మొత్తం దాదాపు ఆరడుగుల ఎత్తైన రాతి వేదిక మీద ఉంది, అంటే నేల మీద నిలబడ్డ మనిషి తల సుమారుగా వేదిక అంచుకు వస్తుంది. ఆ అంచు తిన్నగా ఉండదు. నక్షత్రం గీసినట్టు కోణాలు కోణాలుగా ముందుకు వచ్చి వెనక్కి మళ్లుతూ సాగుతుంది. వేదిక అంచుకూ గుడి గోడకూ మధ్య ప్రదక్షిణ చేయడానికి దారి వదిలారు. మండపానికి పూర్తి గోడలు లేవు. కొంత ఎత్తు వరకే గోడ, దాని మీద స్తంభాలు, స్తంభాల మధ్య ఖాళీ, పైన బయటికి వాలిన రాతి చూరు ఉన్నాయి. కాబట్టి లోపలికి గాలీ వెలుతురూ మూడు వైపుల నుంచీ వస్తాయి. మండపం వెనుక, పడమటి వైపున గర్భగుడి, దాని మీద విమానం. కింది భాగమంతా ఎర్రటి ఇసుకరాయి. విమానం మాత్రం నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టింది, రంగులో కింది రాతి కంటే లేతగా ఉంటుంది."

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక స్థానం ఉంది. ముందు కెమెరా ఎక్కడుందో చెప్పాలి. తరువాత దిక్కులు చెప్పాలి, ఎందుకంటే కుడి ఎడమలు ఒంటరిగా పెద్ద చిక్కు తెస్తాయి. గుడికి కుడివైపు, గుడిని చూసేవారికి ఎడమవైపు అవుతుంది. దిక్కులు మారవు. మన గుళ్ల విషయంలో ఇంకో సౌకర్యం కూడా ఉంది: ఎదురుగా ఉన్న ద్వారం నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణ వరుసలో చెప్పుకుంటూ వెళితే, తెలుగు పాఠకుడికి తరువాత ఏ ముఖం వస్తుందో చెప్పనక్కరలేదు, వాళ్ల కాళ్లకు ఆ వరుస తెలుసు. రంగులను కూడా వదలకూడదు. చూపు లేనివారికి రంగులెందుకని కొందరు అడుగుతారు. వారిలో చాలామంది పుట్టుకతో చూపు లేనివారు కారు, మధ్యలో పోగొట్టుకున్నవారు. ఎరుపు వారికి జ్ఞాపకంలో ఉంది. ఎప్పుడూ చూడనివారికి కూడా ఇసుకరాయి ఎర్రనిదని, శిల్పాలు నల్లనివని తెలిస్తే, ఆ గుడి గురించి నలుగురు మాట్లాడుకునేటప్పుడు ఆ మాటలలో తమ చోటు తమకు ఉంటుంది.

ఇక మదనికల దగ్గరికి వస్తే పని చాలా కష్టమవుతుంది, అంతే ఇష్టంగానూ ఉంటుంది. మూడు ద్వారాల దగ్గరా స్తంభాల పైభాగం నుంచి చూరు వైపు ఏటవాలుగా వాలి, నల్లటి డోలరైటు రాతిలో చెక్కిన స్త్రీమూర్తులు ఉన్నారు. ద్వారానికి నలుగురు చొప్పున పన్నెండుగురు. దాదాపు మనిషి ప్రమాణంలో ఉంటారు. ఒక మూర్తి పాదాలకు మడమ ఎత్తున్న పాదరక్షలు ఉండటం అందరూ చెప్పుకునే విశేషం. వీరి గురించి రాసేవారందరూ "త్రిభంగ భంగిమలో" అని రాసి ముందుకు సాగుతారు. నాట్యం నేర్చినవారికి ఆ మాట చాలు. మిగిలినవారికి ఇలా చెప్పాలి: బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో మోకాలు కొద్దిగా వంచి, తుంటిని బరువున్న కాలివైపు తోసి, నడుము పై భాగాన్ని అవతలివైపుకు వంచి, మెడను మళ్లీ మొదటివైపుకు వాల్చండి. ఇది విని మాస్టారు లేచి నిలబడి, ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఆ భంగిమ పట్టారట. "మెడ దగ్గరికి వచ్చేసరికి నడుము తిన్నబడిపోతోందమ్మా, వాళ్లు రాతిలో ఎలా నిలిపారో" అన్నారు. ఫొటోను వెయ్యిసార్లు చూసిన నాకు ఆ కష్టం స్ఫురించనే లేదు. రాతి స్వభావం కూడా చెప్పాలి. చుట్టూ ఉన్న ఇసుకరాయి గరుకుగా ఉంటుంది, ఈ నల్లరాయిని మాత్రం వేలు జారేటంత నున్నగా మెరుగు పెట్టారు. ఫొటోలో మెరుపుగా కనిపించేది వేలికి నునుపుగా తెలిసేదే.

అమరావతి విషయంలో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడి బౌద్ధ మహాస్తూపాన్ని ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివరలో చూసేనాటికే దాన్ని తవ్వి, చెక్కడాలున్న రాతి పలకలు తీసుకుపోవడం మొదలైంది. ఇప్పుడు అక్కడ మిగిలింది తక్కువ ఎత్తు దిబ్బ. పలకలు చాలావరకు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసేది ఆ పలకల మీద శిల్పులు చెక్కిన స్తూపం బొమ్మల ద్వారానే. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది: ఒకవైపు పాతకాలపు బోధివృక్షం, శతాబ్దాల తరువాత తిప్పి మలిచిన రెండోవైపు స్తూపం. ఆ పలక ఫొటోకు వివరణ రాయడమంటే, లేని కట్టడానికి ఉన్న బొమ్మ, ఆ బొమ్మకు ఫొటో, ఆ ఫొటోకు మాటలు. ఇక్కడ కింది నుంచి పైకి చెప్పడమే మంచిదని నాకు అనిపించింది: ముందు చుట్టూ తిరిగే రాతి కంచె, ఎదుట దానిలో ద్వారం, ద్వారం దగ్గర స్తంభాలెక్కి కూర్చున్న సింహాలు, వాటి వెనుక స్తూపం నుంచి ముందుకు వచ్చిన అరుగు మీద పక్కపక్కన నిలిపిన ఐదు ఆయక స్తంభాలు, ఆపైన అర్ధగోళంలా ఉబ్బిన అండం, దాని నెత్తిన ఛత్రాలు. ఐదు స్తంభాల వరుస ఒక్కటే బొమ్మలో ఉంది గాని, అసలు స్తూపానికి నాలుగు దిక్కులా నాలుగు వరుసలు ఉండేవి. ఫొటోలో లేనిది వివరణలో చెప్పకూడదని ఒక నియమం ప్రచారంలో ఉంది. కట్టడాల విషయంలో దాన్ని నేను పాటించను. చూపున్న పాఠకుడు కనిపించని మూడు వైపులను తన అనుభవంతో పూరించుకుంటాడు. ఆ పూరింపును మాటల్లో ఇవ్వడం న్యాయమే, అది ఫొటోలో లేదని స్పష్టంగా చెప్పినంతకాలం.

కట్టడం అమరికను పైనుంచి చూసినట్టు గీసే ప్లాన్ బొమ్మల గురించి ఎక్కువ చెప్పను. గీతలను గీతలుగా వర్ణించకూడదు, లోపలికి నడిపించాలి: తూర్పు ద్వారం, మండపం, చుట్టూ కూర్చోవడానికి కక్షాసనం, నడుమ నాలుగు స్తంభాల మధ్య రంగస్థలం, దాని తరువాత గర్భగుడికి ముందుండే చిన్న గది అంతరాళం, చివర గర్భగుడి. నడకకు లొంగని ప్లాన్ అంటూ ఉండదు.

ఈ వివరణలు చూపు లేనివారికి మాత్రమే అన్న అభిప్రాయం సరికాదు. హనుమకొండలో చక్రాల కుర్చీ వాడే ఒక చెల్లెలు నాతో అన్న మాట ఇది: "అక్కా, ఫొటోలన్నీ గుడిని చూపిస్తాయి, గుడిలోకి ఎక్కే మెట్లను చూపించవు." నిజమే. కట్టడాల ఫొటోలు తీసేవారు అందమైన కోణం వెతుకుతారు. గడప ఎత్తు, మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో, ర్యాంపు ఉంటే అది ఎటువైపో చట్రంలోకి రానివ్వరు. అందుకే ఫొటో కింది పేరాలో మెట్ల సంగతి తప్పకుండా రాస్తున్నాను. చార్మినార్ పై భాగానికి చేరడానికి మెలికలు తిరిగే ఇరుకైన 149 మెట్లు తప్ప వేరే దారి లేదు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర గోపురం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో గుట్టపైన ఉన్న బాలా హిస్సార్‌కు వినిపిస్తాయని అందరూ రాస్తారు. ఆ గుట్ట ఎక్కడానికి మూడు వందలకు పైగా రాతి మెట్లు ఉన్నాయని అదే వాక్యంలో రాయాలి. మెట్లెక్కలేని మనిషి కింద నిలబడి చప్పట్లు కొట్టవచ్చు, పైన ఉన్న తనవారు విని ఫోన్ చేసి చెప్పవచ్చు. ప్రయాణం పెట్టుకోవాలో వద్దో తానే నిర్ణయించుకోవచ్చు. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. నియమాలు వచ్చి, రాతి గుళ్ల దగ్గర మార్పులు జరిగే లోపల, ఉన్నది ఉన్నట్టు చెప్పే పనిని మనలాంటివాళ్లం ఈ రోజే చేయగలం.

ఇలాంటి పేరాలను ఒక వెబ్ పత్రిక నా వ్యాసం నుంచి తీసేసింది. ఫొటోలో కనిపిస్తున్నదే మళ్లీ రాశానని వారి అభ్యంతరం. ఎవరికి కనిపిస్తున్నదో వారు ఆలోచించి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఫోన్లలోని కృత్రిమ మేధ ఏ ఫొటోకైనా వివరణ చెప్పేస్తుంది కదా అని కూడా అంటున్నారు. బీ మై ఐస్ వంటి యాప్‌లో 2023 నుంచి ఆ సౌకర్యం ఉంది, మాస్టారు దాన్ని రోజూ వాడుతున్నారు, మందుల సీసా మీది పేరు చదివించుకోవడానికి అది ఎంతో మేలు చేస్తోంది. కానీ ఈ ఫొటోను ఈ వ్యాసంలో ఎందుకు పెట్టానో నాకే తెలుసు. విమానం ఇటుకల గురించి రాస్తున్నప్పుడు పెట్టిన ఫొటోకూ, మదనికల గురించి రాస్తున్నప్పుడు పెట్టిన అదే ఫొటోకూ ఒకే వివరణ సరిపోదు.

తెలుగు వికీపీడియాలో రాసేవారికి ఒక మనవి. బొమ్మను చేర్చే కోడులో వ్యాఖ్యతో పాటు ఆల్ట్ అనే పరామితి కూడా ఉంది. అది ఖాళీగా ఉన్న పేజీలు కోకొల్లలు. అక్కడ రాసేటప్పుడు "క్రీ.శ.", "మీ." వంటి పొట్టి రూపాలు వాడకండి. గొంతు వాటిని విడి అక్షరాలుగానో, "మీ" అనే సర్వనామంగానో పలికే ప్రమాదం ఉంది. మీటర్లు అని నిండుగా రాయడానికి పట్టే సమయం ఎంతో కాదు.

ప్రస్తుతం లేపాక్షి మీద పని చేస్తున్నాను. వేలాడే స్తంభం సులువుగానే కుదిరింది, ఎందుకంటే స్తంభం కింద నుంచి గుడ్డను ఇవతలి నుంచి అవతలికి లాగడం చేతులకు తెలిసిన పని. మండపం పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాలే కుదరడం లేదు. తలెత్తి చూసే బొమ్మకు పై అంచు, కింది అంచు అనేవి నిలబడ్డ చోటును బట్టి మారిపోతాయి. ఫొటోలో పైన ఉన్నది గుడిలో తూర్పునా పడమరనా అని ముందు తేల్చుకోవాలి. వచ్చే వారం దిక్సూచి తీసుకుని మళ్లీ వెళ్తున్నాను. ఈలోగా ఆ పైకప్పును దిక్కులతో సహా ఫొటో తీసినవారు ఎవరైనా ఉంటే నాకు రాయండి.